గేటు దగ్గర బెంచీ

మా అపార్ట్‌మెంట్ పక్క పార్కులో సాయంత్రం ఐదున్నరకి పదిమంది పెద్దవాళ్ళు చేరతారు. అమ్మ లేకపోతే ఆ గుంపుకి కళే ఉండదు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, షుగరు పదిహేనేళ్ళ నుంచీ ఉంది. అయినా వాచ్‌మన్ చేత ప్లాస్టిక్ కుర్చీ మోయించుకుని మరీ వెళ్తుంది. నాన్నకి మోకాళ్ళు బాగానే ఉన్నాయి, బీపీ కూడా లేదు. కానీ గేటు దగ్గర బెంచీ మీద ఒక్కడే కూర్చుంటాడు.

"మీ నాన్న తీరే అంత" అంటుంది అమ్మ. నేనూ అదే నమ్మాను. చదివే జబ్బు ఉంది కాబట్టి దానికో సిద్ధాంతం కూడా వెతుక్కున్నాను. వయసు మీదపడేకొద్దీ మనిషీ, సమాజమూ ఒకరి నుంచి ఒకరు దూరం జరగడం సహజమేనని 1961లో ఎలైన్ కమ్మింగ్, విలియం హెన్రీ 'గ్రోయింగ్ ఓల్డ్' అనే పుస్తకంలో రాశారు. దాని మీద చాలా వాదోపవాదాలు నడిచాయి. నాకు మాత్రం 1989లో రాబర్ట్ ఆచ్లీ రాసిన కంటిన్యుటీ థియరీ నచ్చింది. ముసలితనంలో మనిషి కొత్త మనిషైపోడు, నడివయసు నాటి అలవాట్లనీ, స్నేహాలనీ వీలైనంతవరకూ కొనసాగించాలనే చూస్తాడు అంటాడాయన. పెళ్ళిళ్ళలో నాన్నది ఎప్పుడూ చివరి వరస కుర్చీయే. సరిపోయింది కదా!

సరిపోనిది ఒకటుంది. తెనాలిలో ఆదివారాలు ఇదే నాన్న స్నేహితుడింటి అరుగు మీద నలుగురై పేకాడేవాడు. ఆ నవ్వులు వీధి చివరిదాకా వినపడేవి. అది నాకు గుర్తు రాలేదు.

పోయిన సంక్రాంతికి మా చెల్లి కూతురు, ఆరేళ్ళది, "తాతయ్యా, నువ్వు అన్నిటికీ సరే అంటావేంటి?" అని అడిగింది. "సరేనమ్మా" అన్నాడు నాన్న. అందరం నవ్వాం. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆడియాలజిస్టు గ్రాఫు చూపించింది. ఎడమవైపు పర్వాలేదు, కుడివైపుకి వెళ్ళేకొద్దీ గీత కిందికి జారిపోతోంది. వయసుతో వచ్చే వినికిడి లోపం ముందు సన్నటి శబ్దాలని తీసుకుపోతుంది. స, శ, త, క లాంటివి, పిల్లల గొంతులు. ఎదురుగా ఒక్కరే ఉంటే పెదాలు చూసి నెట్టుకురావచ్చు. పదిమంది ఒకేసారి మాట్లాడితే చప్పుడు వినపడుతుంది, మాట అర్థం కాదు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే నేను ఇన్నాళ్ళూ బగ్ వేరే మాడ్యూల్ మీద వేశాను.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"నాలుగేళ్ళవుతుందేమో."

"చెప్పొచ్చుగా?"

"మాటమాటకీ ఏంటి ఏంటి అంటే ఎదుటివాళ్ళకి విసుగు రా. మొదట్లో అడిగేవాణ్ణి."

ఎవర్ని అడిగాడో చెప్పలేదు. ఫోన్లో "ఏం లేదులే నాన్నా" అని నేనెన్నిసార్లు దాటేశానో లెక్కపెట్టబోయి ఆపేశాను.

చెవికి మిషన్ పెట్టాక నాన్న పార్కు గుంపులో కలిసిపోయాడని రాస్తే బావుండేది. కలవలేదు. లాఫింగ్ క్లబ్బు వాళ్ళని చూసి "కారణం లేకుండా ఎలా నవ్వుతార్రా?" అన్నాడు. కుక్కరు కూతకి చెవులు పగిలిపోతున్నాయని ఇంట్లో ఉన్నంతసేపూ మిషన్ డబ్బాలోనే ఉంచుతాడు. పార్కుకి మాత్రం పెట్టుకుని వెళ్తాడు. బెంచీ మీద ఇప్పుడు ఇద్దరుంటారు. రెండో ఆయన రిటైరైన బస్సు కండక్టరు. ఇద్దరితో పేకాటేం బావుంటుందని చదరంగం మొదలుపెట్టారు.

నిన్న ఆఫీసు నుంచి వస్తూ పక్కన నిలబడి చూస్తున్నాను. నాన్న తలెత్తలేదు.

"జరగరా, నీడ పడుతోంది" అన్నాడు.