వీపు సూపియ్యి బిడ్డా

మా వాడల వంగిన నడుము గురించి ఎవరూ డాక్టరును అడుగలేదు. వంగుడే మా పని అనుకున్నరు. గడి ముంగట వంగాలె, నాట్లల్ల వంగాలె, పటేలు ఎదురైతే చెప్పులు చేతవట్టుకొని వంగాలె. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రల మా పెద్దలు నడుము నిటారుగ వెట్టి నడిచిండ్రు. అదే ఏడు అక్టోబరుల జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. ఆ చరిత్రను మనోళ్లు రాసిండ్రు, పాడిండ్రు. నేను రాసేది ఎవరూ రాయని ఇంకో వంపు గురించి. అది మా పిల్లల వీపుల్ల ఉన్నది.

నా మేనకోడలుది కోరుట్ల. మా అక్క బీడీలు చేస్తది. పొద్దంత ఒళ్లె చాట వెట్టుకొని తునికాకు చుట్టుడే. 2015ల పిల్లకు పన్నెండేండ్లు. బడి డ్రెస్సు కుట్టే దర్జీ, "ఒక భుజం మీదికున్నది, అంచు సమంగ వస్తలేదు" అన్నడు. పుస్తకాల సంచి బరువని అక్క అనుకున్నది. గ్రహణం నాడు కడుపుతోటి బయటికి పోయినవని ముసలోళ్లు అన్నరు. ఎనుకటి జన్మ పాపమని ఒక అయ్యగారు తేల్చిండు. బళ్లె పిల్లలు "మాదిగ గూని" అన్నరు. కులం తిట్టు, ఒంటి తిట్టు రెండూ ఒక్క మాటల కలిపి ఇచ్చిండ్రు.

ఊరి ఆర్‌ఎంపీ కాల్షియం గోలీలిచ్చిండు. కరీంనగర్‌ల ఒక ప్రైవేటు దవాఖానకు పోతే డాక్టరు ఎక్స్‌రే లైటుకు పట్టి చూసి, "మీకు చెప్పినా సమజ్ గాదు. పెండ్లికి ఇబ్బందైతది, పట్నం తీస్కపోండ్రి" అన్నడు. పిల్ల ఊపిరి గురించి మాట్లాడలే, నొప్పి గురించి మాట్లాడలే. ఆడపిల్ల వీపు పెండ్లికోసమే ఉన్నట్టు మాట్లాడిండు. అక్క బస్సుల ఏడ్చుకుంట వచ్చింది. "తమ్మీ, సదువుకున్నోనివి, అదేందో నువ్వన్న అడుగు" అన్నది.

అడిగిన. హైదరాబాద్‌ల ఒక డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పిండు. దీన్ని స్కోలియోసిస్ అంటరు. గూని అంటే వీపు ముందుకు వంగుడు. ఇది వెన్నెముక పక్కకు వంగి, దాంతోపాటు మెలితిరుగుడు. మెలితిరిగిన దిక్కు పక్కటెముకలు పైకి లేస్తయి. ఎక్స్‌రే మీద గీతలు గీసి కోణం కొలుస్తరు. ఆ లెక్కను 1948ల జాన్ కాబ్ అనే అమెరికా డాక్టరు చెప్పిండు. పది డిగ్రీలు దాటితే జబ్బు కింద లెక్క. పిల్ల ఇంక ఎదుగుతుంటె, 25 నుంచి 40 డిగ్రీల నడుమ ఉంటే బెల్టు కడుతరు. 50 దాటితే మామూలుగ ఆపరేషనే. చాలామందిల దీనికి కారణం ఇదీ అని తేలలేదు, కొన్ని కుటుంబాలల్ల మాత్రం ఎక్కువ కనబడ్తది. సంచి మోస్తే రాదు, వంగి కూసుంటే రాదు, గ్రహణంతోటి రాదు. కర్మ సిద్ధాంతం మా కులానికి చెప్పిన అబద్ధమే మా పిల్ల వీపుకు గూడ చెప్పింది.

అప్పటికి పిల్లకు 54 డిగ్రీలు.

ఈ వైద్యం గూడ ఎన్నో పిల్లల వీపుల మీద నేర్చుకున్నదే. అమెరికాల హూస్టన్‌ల పాల్ హారింగ్టన్ పోలియో వచ్చిన పిల్లలకు ఇనుప కడ్డీ వేసి వెన్ను నిలబెట్టిండు. ఆయన పద్ధతి 1962ల అచ్చయింది. ఆ కాలంల ఆపరేషన్ అయినంక పిల్లలు నెలలకొద్ది పిండికట్టుల ఉండేది. నరం దెబ్బతిన్నదా అని చూసేటందుకు ఆపరేషన్ నడుమల మత్తు తగ్గించి కాళ్లు కదిలించుమనేది. ఇప్పుడు ఎముక ఎముకకు మరలు వేసి రెండు కడ్డీలు బిగిస్తరు. నరాల సంకేతాలను మిషను మీద చూసుకుంట పని చేస్తరు. చిన్న పిల్లలకైతే ఎదుగుతున్న కొద్దీ సాగే కడ్డీలున్నయి. ఎనుకట వాటిని సాగదీయాలంటే ప్రతిసారి కోసేది. బయటినుంచి అయస్కాంతంతోటి సాగే కడ్డీల గురించి 2012ల హాంకాంగ్ డాక్టర్లు రాసిండ్రు. వాటితోటి గూడ కొన్ని చిక్కులు వచ్చినయి.

2017ల మా పిల్లకు ఆపరేషన్ అయింది. ముఖ్యమంత్రి సహాయనిధి లెటరు, అక్క పీఎఫ్ పైసలు, యూనియనోళ్ల చందా, మిగిలింది అప్పు. ప్రమాదం లేదని డాక్టరు అబద్ధం చెప్పలే. కాళ్లు పడిపోయే భయం తక్కువే గాని ఉన్నదన్నడు. అక్క వేలిముద్ర వేసేటప్పుడు చెయ్యి వణికింది. మూడో నాడు పిల్ల గోడవట్టుకొని నిలవడ్డది. "మామా, కిటికీల నుంచి రోడ్డు అవుపడ్తుంది" అన్నది. ఎనుకట ఆ పిల్ల తల ఎత్తి కిటికీ దిక్కు చూసేదే కాదు.

డిగ్రీకి జగిత్యాలల చేరినంక మేనకోడలు చుట్టాల ఇండ్లకు పోతే పిల్లల వీపులు చూసుడు మొదలుపెట్టింది. 2021ల సిరిసిల్లల మా దూరపు చుట్టం బిడ్డకు పదకొండేండ్లు. "వీపు సూపియ్యి బిడ్డా" అని వంచి చూస్తే ఒక పక్క ఉబ్బి ఉన్నది. ఎక్స్‌రేల 28 డిగ్రీలు. టైముకు దొరికింది. బెల్టు పనిచేస్తదా అన్న లొల్లి డాక్టర్లల్ల చాన ఏండ్లున్నది. 2013ల అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం దాన్ని తేల్చింది. బెల్టు వేసుకున్నోళ్లల్ల నూటికి 72 మందికి వంపు 50 డిగ్రీలకు చేరలే, వేసుకోనోళ్లల్ల 48 మందికే చేరలే. రోజుకు 13 గంటలదాక వేసుకున్నోళ్లల్ల నూటికి తొంబై మందికి పైన గట్టెక్కిండ్రు.

పదమూడు గంటలు కాగితం మీద అల్కగుంటది. ఆ పిల్లది రేకుల ఇల్లు. పక్కన సాంచాల చప్పుడు, వేడి. మే నెలల ప్లాస్టిక్ బెల్టు కింద చెమటకాయలు లేచినయి. తల్లి రోజుకు రెండు మెత్తటి బనీన్లు ఉతికి ఆరేసింది. పిల్ల పట్టువట్టి వేసుకున్నది. 2024ల ఎదుగుడు ఆగినంక బెల్టు తీసిండ్రు. 30 డిగ్రీల కాడ వంపు ఆగింది. కత్తి ముట్టలేదు, అప్పు పుట్టలేదు. ఒకరికి దొరికిన రెండు నిమిషాల చూపు ఇంకొకరికి దొరకకపోవుడే మా రెండిండ్ల తేడా.

జగిత్యాలల 2022ల, సిరిసిల్లల 2023ల సర్కారు మెడికల్ కాలేజీలు మొదలైనయి. బడి పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం 2013 నుంచి ఉన్నది. మరి మన హాస్టళ్లల్ల ఆడపిల్లలకు పదో ఏట, పన్నెండో ఏట, మగపిల్లలకు పదమూడు, పద్నాలుగు నడుమ ఒక్కసారి వీపు చూసేటందుకు ఏం అడ్డం? పాదాలు దగ్గరవెట్టి, మోకాళ్లు వంచకుండ, రెండు చేతులు కలిపి పిల్లను ముందుకు వంగమనాలె. ఎనుకనుంచి చూడాలె. ఒక పక్క ఎత్తుగుంటె ఎక్స్‌రేకు పంపాలె. ఆడపిల్లలను ఆడ టీచరు, ఆడ డాక్టరు చూడాలె. దీనికి యంత్రం అక్కరలేదు, బడ్జెట్ అక్కరలేదు.

విద్యార్థి సంఘాలల్ల పనిచేసే తమ్ముండ్లు, చెల్లెండ్లు మెస్ చార్జీలతోపాటు ఈ డిమాండు గూడ రాయుండ్రి. వార్డెను సంతకం తీసుకోండ్రి. తారీఖు వేయించుండ్రి.