వ్రీహి, నీవారం, ఒక పాత కంప్యూటరు

పూర్వమీమాంసాదర్శనంలో ఆరవ అధ్యాయానికి అధికారాధ్యాయమని పేరు. కర్మాచరణకు ఎవరు అర్హులు, సర్వాంగాలూ సమకూరనప్పుడు ఎంతవరకు ఆచరిస్తే ఆచరించినట్లు, విహితద్రవ్యం లభించనప్పుడు కర్తవ్యమేమిటి అనే విచారణ అందులో జరుగుతుంది. యాగానికి వ్రీహులు, అనగా వడ్లు, విహితమైనవి. అవి నశించాయి. నిత్యకర్మను విడిచిపెట్టరాదు. అప్పుడు నీవారాలను, అనగా విత్తకుండానే పండే అడవివరిని, ప్రతినిధిగా గ్రహించవచ్చునని జైమిని మహర్షి సిద్ధాంతం.

అతిప్రాచీనమైన ఈ విచారణ 2025వ సంవత్సరం ఆశ్వయుజమాసంలో, కోనసీమలోని ఒక లంకగ్రామంలో, శివాలయం పక్కనున్న పెంకుటింటి అరుగు మీద, ఒక పాత కంప్యూటరు ఎదుట మళ్లీ జరిగింది.

ఆ ఇల్లు ఒక ఘనపాఠిగారిది. వయస్సు డెబ్బై దాటింది. ఆపస్తంబసూత్రులు, కృష్ణయజుర్వేదాధ్యాయులు. ఆలయార్చనతో పాటు ముగ్గురు పిల్లలకు వేదం చెబుతున్నారు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు 2016లో ఒక కంప్యూటరు కొని ఇచ్చాడు. అభిషేకాలు చేయించుకొనే భక్తుల గోత్రనామాలు, కల్యాణోత్సవ కరపత్రాలు, ఆలయపు జమాఖర్చులు అందులో ఉంటాయి. వీటన్నిటికంటె విలువైనది మరొకటి ఉంది. అది ఆయన గురువుగారి ప్రయోగపుస్తకం.

ఆ గురువుగారు జీవితకాలమంతా చేయించిన శాంతికర్మల క్రమాన్ని, మంత్రాలను సస్వరంగా, మధ్యమధ్య తమ స్వంత వివరణలతో, రెండు వందల పుటలకు పైబడిన నోటుపుస్తకాలలో వ్రాసి ఉంచారు. ఆయన పరమపదించిన తరువాత శిష్యుడు వాటిని అమలాపురంలోని ఒక డీటీపీ దుకాణంలో టైపు చేయించారు. 2022 జూలైలో గోదావరికి వచ్చిన మహావరద ఇంటిలోనికి ప్రవేశించినప్పుడు ట్రంకుపెట్టెలోని మూలపుస్తకాలూ, వాటి ముద్రితప్రతులూ కలిసి తడిసి ముద్దయిపోయాయి. బల్లమీద ఎత్తుగా ఉండబట్టి కంప్యూటరు మిగిలింది. గురువుగారి వాక్కుకు ఇక అదొక్కటే ఆధారం.

అటువంటి యంత్రం తెరమీద ఒకనాడు ఒక ప్రకటన ప్రత్యక్షమైంది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగుస్తుందని దాని సారాంశం.

ఘనపాఠిగారు కలవరపడ్డారు. ఆ తేదీనాటికి పుస్తకం మాయమవుతుందేమోనని వారి భయం. ఫోనులో విషయం విన్న మేనల్లుడు దీపావళి సెలవులకు స్వయంగా వచ్చాడు.

"భయపడకండి మావయ్యగారూ. ఆ రోజుతో యంత్రం ఆగిపోదు. అందులో లోపాలు బయటపడినప్పుడు సరిచేసి పంపేవాళ్లు మానేస్తారు. అంతే. తలుపు పడిపోదు కానీ, గడియ విరిగితే బాగుచేసే వడ్రంగి ఇక రాడు."

"సరే. మార్గాలేమిటో చెప్పు."

మేనల్లుడు ఒక్కొక్కటిగా చెప్పాడు. మొదటిది విండోస్ 11కు మారడం. దానికి టీపీఎం 2.0 అనే భద్రతాంగం ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరు అయితే సాధారణంగా ఎనిమిదవ తరానిది, లేదా ఆ తరువాతది కావాలి. ఈ యంత్రంలో ఉన్నది ఆరవ తరానిది. అడ్డదారిన ఎక్కించడం అసాధ్యం కాదు కానీ, అటువంటి యంత్రానికి ముందుముందు సవరణలు అందుతాయనే హామీ లేదు. రెండవది, నమోదు చేసుకొన్న గృహవినియోగదారులకు భద్రతాసవరణలను 2026 అక్టోబరు 13 వరకు పొడిగించే ఏర్పాటు. దానితో ఒక్క సంవత్సరం గడుస్తుంది. మూడవది కొత్త కంప్యూటరు. నాల్గవది ఈ యంత్రంలోనే లైనక్స్ పెట్టుకోవడం.

"ఇది పాతదైపోయింది మావయ్యగారూ. కొత్తది నేను కొనిపెడతాను, కాదనకండి."

"పాడైందా, పాతదైందా? ఆ రెండూ ఒకటి కాదురా."

మేనల్లుడు తడుముకొన్నాడు. మీటలన్నీ పనిచేస్తున్నాయి. తెర స్పష్టంగా ఉంది. గోత్రనామాలు వ్రాయడానికి, కరపత్రం ముద్రించడానికి ఆ శక్తి చాలు. యంత్రం జీర్ణం కాలేదు. దానికి ఆశ్రయమైన వ్యవస్థ మాత్రమే తప్పుకొంటున్నది.

అప్పుడు మేనల్లుడు లైనక్స్ చరిత్ర చెప్పాడు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ జీఎన్‌యూ అనే ప్రయత్నాన్ని ప్రకటించాడు. ప్రోగ్రామును ఇష్టమైన ప్రయోజనానికి వాడుకొనే, దాని నిర్మాణాన్ని అధ్యయనం చేసే, ఇతరులకు పంచే, మార్చి ఆ మార్పును కూడా పంచే స్వేచ్ఛలు అందరికీ ఉండాలన్నది అతని సంకల్పం. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఒక కెర్నల్‌ను, అనగా వ్యవస్థకు హృదయస్థానీయమైన భాగాన్ని, వ్రాసి లోకానికి విడిచిపెట్టాడు. మరుసటి సంవత్సరం దానిని జీపీఎల్ అనే అనుమతిపత్రం క్రిందికి తెచ్చాడు. ఆ హృదయం చుట్టూ డెబియన్, ఉబుంటు, మింట్ వంటి అనేక రూపాలు ఏర్పడ్డాయి.

"ఒక విధంగా వేదంలాంటిదే మావయ్యగారూ. ఎవరి సొత్తూ కాదు."

ఘనపాఠిగారు ఈ మాటను అంగీకరించలేదు. "పోలిక సగమే కుదిరింది. విద్యను దాచుకోకుండా ఇవ్వడం వరకు ఒప్పుకొంటాను. కానీ మీ లైనక్స్‌ను ఎవరైనా మార్చవచ్చునన్నావు. వేదంలో ఒక్క స్వరం కూడా ఎవరూ మార్చకూడదు. మార్చవచ్చునన్నదే దానికి గౌరవం, మార్చరాదన్నదే దీనికి గౌరవం. పొగడాలని రెండింటినీ కలపకు."

మేనల్లుడు నవ్వి, పెన్‌డ్రైవులో తెచ్చిన లైనక్స్ మింట్‌ను యంత్రానికి తగిలించాడు. ఉన్న విండోస్‌ను తొలగించకుండానే, డిస్కుమీద ఏమీ వ్రాయకుండానే, పెన్‌డ్రైవు నుంచి నడిపి చూసే సౌకర్యం దానికి ఉంది. తెర వెలిగింది. ఇంటర్నెట్ అందింది. ప్రింటరు కాగితం తీసింది. తెలుగు అక్షరాలు కనబడ్డాయి. అంతవరకు సర్వం శుభంగానే ఉంది.

"పుస్తకం తెరు," అన్నారు ఘనపాఠిగారు.

తెరిచాడు. తెరమీద గురువుగారి మాట ఒక్కటీ లేదు. ఇంగ్లీషు అక్షరాలు, ప్రశ్నార్థకాలు, డాలరు గుర్తులు కలగాపులగంగా పుట నిండా పరుచుకొని ఉన్నాయి. వృద్ధుని ముఖం వాడిపోయింది. "పోయిందా?" అన్న మాట తప్ప మరేమీ రాలేదు.

పోలేదు. ఫైలు డిస్కులో యథాతథంగా ఉంది. కానీ ఆ క్షణంలో అసలు దోషం బయటపడింది. ఆనాటి డీటీపీ పద్ధతిలో తెలుగు అక్షరానికి స్వంత సంకేతం ఉండేది కాదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాలలో తెలుగు ఆకారాలను కూర్చి ఖతులు తయారుచేసేవారు. ఆ ఖతి ఉన్నచోట అది తెలుగుగా కనబడుతుంది. లేనిచోట లోపలి వేషం బయటపడుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి మొదటి సంపుటి నుంచే స్థానం ఉంది. అందులో అకారం ఏ యంత్రంలోనైనా అకారమే. ఆ దుకాణంలో మాత్రం పాత పద్ధతినే అనుసరించారు.

కనుక విండోస్ 11 కొన్నా, మరో యంత్రం తెచ్చినా, ఆ ఖతి, ఆ పాత ప్రోగ్రాము వెంట రానంతకాలం ఇదే ఆపద ఎదురయ్యేది. వ్యవస్థ మారడం వల్ల పుస్తకానికి ప్రమాదం రాలేదు. ఉన్న ప్రమాదాన్ని ఆ మార్పు చూపించింది.

ఘనపాఠిగారు చాలాసేపు మౌనంగా ఉండి, చివరకు మీమాంసలోని ఒక సూక్ష్మమైన అధికరణాన్ని ప్రస్తావించారు. వ్రీహులు నశించినప్పుడు నీవారాలను తెచ్చుకొన్నాము. ఆ నీవారాలు కూడా నశిస్తే? అప్పుడు నీవారాలను పోలినదానిని వెదకాలా, వ్రీహులను పోలినదానిని వెదకాలా? వ్రీహులను పోలినదానినే వెదకాలని సిద్ధాంతం. నీవారాలను నీవారాలని కాక, వ్రీహుల అవయవాలు వాటిలో కనబడుతున్నవని కదా గ్రహించింది. ప్రతినిధికి ప్రతినిధి ఉండదు. ప్రతిసారీ మూలం వైపుకే తిరిగి చూడాలి.

"విండోస్ పోతే విండోస్‌లాంటిది ఏదని ఇంతసేపూ వెదికాము. అది మనకు మూలం కాదు, నీవారం. మూలం గురువుగారి పుస్తకం. దానిని ఎక్కువకాలం, ఎక్కువమందికి, చెడకుండా చూపించగలది ఏదో అది తెచ్చుకోవాలి."

ఆ మాటతో పని క్రమం తలకిందులైంది. లైనక్స్‌ను పక్కన పెట్టి, మొదట పాత విండోస్‌లోనే పుస్తకాన్ని తెరిచి, ఖతిని లోపలే పొదిగిన పీడీఎఫ్‌గా మార్చారు. రెండు ప్రతులు ముద్రించి, ఒకటి ఇంటిలో, మరొకటి మేనల్లుని వద్ద ఉంచారు. దానివల్ల అక్షరాల రూపానికి రక్షణ కలిగింది. అయితే పీడీఎఫ్‌లో కనిపించేది చిత్రప్రాయం. అందులో ఒక పదాన్ని వెదకడం, తప్పు దిద్దడం కుదరదు. అందుకని రెండవ మెట్టుగా, పాత ఖతి అక్షరాలను యూనికోడ్‌కు మార్చే ప్రోగ్రాముతో మొత్తం పాఠాన్ని మార్చారు.

గురువుగారి వివరణలు చాలావరకు శుద్ధంగా వచ్చాయి. మంత్రాలలో అక్షరాలు వచ్చాయి కానీ స్వరాలు రాలేదు. అనుదాత్తపు అడ్డుగీత, స్వరితపు నిలువుగీత, దీర్ఘస్వరితపు జంటగీతలు అన్నీ రాలిపోయాయి. ఆ గుర్తులకు దుకాణంలో తమకు తోచిన స్థానాలు వాడుకొన్నారు. మార్చే ప్రోగ్రాముకు అవి తెలియవు. యూనికోడ్‌లో దీర్ఘస్వరితం వంటి వైదికచిహ్నాలకు 2009లో ప్రత్యేకస్థానం ఏర్పడింది. కానీ వాటిని తెలుగు అక్షరం మీద సరైన చోట నిలిపే ఖతులు కొన్నే. అటువంటి ఖతిని వెదికి పెట్టాక కూడా స్వరాలను చేతితో ఒక్కొక్కటిగా చేర్చవలసిందే.

"స్వరాలు లేకుండానే ఉంచుదామా మావయ్యగారూ? మీకు నోటికి వచ్చు కదా."

"ద్రవ్యానికి ప్రతినిధి ఉంది. దేవతకు, అగ్నికి, మంత్రానికి, క్రియకు లేదు. ఇదీ ఆ అధ్యాయంలోని మాటే. యంత్రం ద్రవ్యం, దానిని మార్చు. స్వరం పోయిన మంత్రం మంత్రం కాదు, దానితో సర్దుకోను."

కార్తికమాసమంతా ఆ పని సాగింది. మేనల్లుడు హైదరాబాదు నుంచి రాత్రిపూట కొన్ని పుటలు సిద్ధం చేసి పంపేవాడు. ఉదయం సంధ్యావందనానంతరం ఒక పిల్లవాడు తెరమీద చూచి చదివేవాడు. మరొకడు ముద్రితప్రతిని పట్టుకొనేవాడు. ఘనపాఠిగారు కన్నులు మూసుకొని వినేవారు. తప్పు దొర్లినచోట చేయి ఎత్తేవారు. ఒకనాడు తెర, ముద్రితప్రతి రెండూ ఒకే విధంగా ఉన్నచోట ఆయన చేయి ఎత్తారు. పిల్లలు విస్తుపోయారు. రెండుసార్లు వల్లించి చూసుకొంటే, ఆ అనుదాత్తం డీటీపీలో టైపు చేసిననాడే జారిపోయిందని తేలింది. ఇన్ని సంవత్సరాలూ ఆ పుటను ఎవరూ కంటితో పట్టుకోలేదు. నోటికి వచ్చినవారు పుటను చూడలేదు. పుటను చూచినవారికి నోటికి రాలేదు. వ్యవస్థను మార్చవలసిన అవసరం రాకపోతే ఆ తప్పు శాశ్వతంగా నిలిచిపోయేది.

పుస్తకం పూర్తయిన తరువాతనే ఆ కంప్యూటరులో లైనక్స్ మింట్‌ను స్థిరంగా ప్రతిష్ఠించారు. డిస్కును చెరిపే ముందు అందులోని సమస్తాన్నీ వేరొక డిస్కుకు ఎత్తి, తెరిచి సరిచూసుకొన్నారు. ఇప్పుడు గోత్రనామాలు లిబ్రేఆఫీసులో ఉన్నాయి. విండోస్‌లో మాత్రమే నడిచే ఒక పంచాంగగణిత ప్రోగ్రాము మాత్రం ఇటు రాలేదు. దానిని మేనల్లుడు ఒక పాత ల్యాప్‌టాపులో పెట్టి, ఇంటర్నెట్‌కు కలపకుండా ఉంచాడు. మొదటి పక్షం రోజులు ఘనపాఠిగారికి చేయి తిరగలేదు. పిల్లలకు రెండవ రోజుకే అలవాటైంది.

అందరూ లైనక్స్‌కు మారవలసిందేనని దీని అర్థం కాదు. శాస్త్రంలో అధికారిభేదం ఉంది. విండోస్‌లో మాత్రమే నడిచే సాధనంతో జీవనోపాధి సాగేవారికి పొడిగింపు తీసుకోవడమో, కొత్త యంత్రం కొనడమో యుక్తం. ఇంటిలో చెప్పి చేయించేవారు లేనివారు తొందరపడకపోవడం మేలు. యంత్రం బాగుండి, చేసే పని కొద్దిదై, సహాయపడే మనిషి ఉన్నవారికి లైనక్స్ సుగమమైన మార్గం. ఎవరు ఏ మార్గాన వెళ్లినా, బయలుదేరే ముందు అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ఈ యంత్రంలో నాకు మూలమైనది ఏది? అది ఈ యంత్రం లేకుండా, ఈ వ్యవస్థ లేకుండా, ఈ ఖతి లేకుండా కనబడుతుందా? కనబడదంటే, మార్పును గురించిన విచారణ తరువాత. ముందు దానిని విడిపించాలి.

యోగక్షేమాలనే మాటకు పెద్దలు చెప్పే అర్థం ప్రసిద్ధమే. లభించనిది లభించడం యోగం, లభించినదానిని కాపాడుకోవడం క్షేమం. కొత్త వ్యవస్థ యోగం. పాత పుస్తకం క్షేమం. రెండవదాన్ని మరచి మొదటిదాని వెంట పరుగెత్తడం ఈ కాలపు సహజదోషం.

మేనల్లుడు తిరిగి వచ్చిననాడు ఘనపాఠిగారు అతనికి ఒక కోరిక చెప్పారు. కొత్త కంప్యూటరుకు వెచ్చిస్తానన్న ధనంలో కొంత వెచ్చించి, సరిదిద్దిన పుస్తకాన్ని మంచి కాగితం మీద ముద్రింపించాలని, ప్రతులను తన ముగ్గురు శిష్యులకూ, వారికి తెలిసిన పాఠశాలలకూ ఇవ్వాలని. అలాగే జరిగింది. ఇప్పుడు ఆ పుస్తకం యంత్రంలో ఉంది, కాగితం మీద ఉంది, ముగ్గురు పిల్లల కంఠాలలో కొంతకొంతగా చేరుతున్నది. గోదావరికి మళ్లీ వరద వస్తుంది. విండోస్‌కైనా లైనక్స్‌కైనా మరొక గడువు వస్తుంది. ఈసారి ఆ ఇంటిలో కలవరం ఉండదు.

స్వస్తి.