రాసిస్తారా సార్?

"మళ్లీ అలా చెయ్యడని రాసిస్తారా సార్?" కోర్టు నుంచి మా వార్డుకొచ్చిన రోగిని ఇంటికి పంపే మాట ఎత్తగానే బంధువులు అడిగేది ఇదే. రాసివ్వను. బీపీ రోగికి పక్షవాతం రాదని ఏ డాక్టరైనా రాసిస్తున్నాడా? అది మాత్రం ఎవరూ అడగరు.

తానేం చేస్తున్నాడో తెలియనంతగా మతి చెడినవాడు చేసింది నేరం కాదని పాత ఐపీసీ 84 చెప్పేది, ఇప్పుడు న్యాయ సంహిత 22వ సెక్షన్ చెబుతోంది. నిర్దోషి అన్నంత మాత్రాన గేటు తెరుచుకోదు. కస్టడీలో ఉంచమనో, బంధువు పూచీకత్తు మీద అప్పగించమనో కోర్టు ఆదేశిస్తుంది. ఆ పూచీకత్తు దగ్గరే మనుషుల జీవితాలు ఆగిపోతున్నాయి. అసోంలో మచాంగ్ లాలుంగ్‌ను 1951లో నిర్బంధించారు. విచారణే జరగలేదు. బాగున్నాడని తేజ్‌పూర్ ఆస్పత్రి 1967లోనే చెప్పింది. బయటికొచ్చింది 2005లో, ఒక్క రూపాయి పూచీకత్తు మీద!

మా దగ్గర ఒకతనున్నాడు. స్కిజోఫ్రీనియా. అమ్మ అన్నంలో విషం కలుపుతోందని చెవిలో గొంతులు చెబితే నమ్మాడు. ఆమె బతకలేదు. మందులు పనిచేశాక గొంతులు ఆగాయి, ఏం చేశాడో అప్పుడే తెలిసొచ్చింది. ఆ నెలల్లో అతను ప్రాణం తీసుకోకుండా కాపాడుకోవడమే మాకు పెద్ద పనైంది. మనిషి కోలుకుంటున్న కొద్దీ మాకు భయం పెరిగే జబ్బు ఇది.

గొంతులు ఆగాయా అన్నదొక్కటే చూసి ఎవరినీ పంపను. జబ్బు తిరగబెడితే ముందు ఏమవుతుందో అతనికి తెలియాలి. "ముందు నిద్ర పోతుంది సార్, తర్వాత ఇంట్లోవాళ్లు పెట్టింది తినబుద్ధి కాదు" అని తనంతట తాను చెప్పిన రోజు నాకు ధైర్యమొచ్చింది. ఇక మిగిలినవి: తాగుడు జోలికి పోడు కదా, మాత్రలు ఎవరి చేతిలో ఉంటాయి, నెలనెలా ఇంజెక్షనుకు ఎవరు తీసుకొస్తారు. బాగైపోయాడని నాలుగు నెలలకే మందు మాన్పించే ఇల్లయితే, రోగి ఎంత బాగున్నా నేను సంతకం పెట్టను. ఎన్నిసార్లు చెప్పినా మాన్పిస్తారు, అదే నా బాధ.

అన్న తీసుకెళ్లనన్నాడు. ఇంట్లో చిన్నపిల్లలున్నారని వదిన భయం. తప్పు పట్టలేను, వాళ్లూ తల్లిని పోగొట్టుకున్నవాళ్లే. చివరికి మేనమామ ముందుకొచ్చి పూచీ పడ్డాడు. చనిపోయినావిడ ఆయనకు సొంత చెల్లెలు. రెండు రాత్రులు వరసగా నిద్రపోకపోతే గడువు తేదీ దాకా ఆగకుండా తీసుకురమ్మన్నాను. తలూపాడు. ఇంజెక్షను రోజు బస్సు ఆలస్యమై మధ్యాహ్నానికి చేరినా వేస్తారా అని అడిగాడు. వేస్తామన్నాను.