పరదేశమున పైకము

పరదేశయాత్ర మన యిండ్లలో నేడు వింత గాదు. కుమార్తెయో కుమారుడో తమ్ముడో సముద్రములకావల నుద్యోగము చేయుచుండుటయు, వేసవి సెలవులలో తక్కినవారు పోయి చూచివచ్చుటయు మధ్యతరగతి కుటుంబములలో సాధారణమైనది. ప్రయాణమునకు నెలదినములు ముందుగనే యింటిలో రెండు పక్షములేర్పడును. “చేత నగదు లేనిదే పరాయిదేశమున నడుగు పెట్టరాదు” అనునది పెద్దల మతము. “కార్డుండగా నోట్లమూట యెందులకు?” అనునది పిన్నల మతము. ఆవకాయ జాడీని తీసికొనిపోవుటయా మానుటయా యను చర్చకు తరువాత నింత తీవ్రముగా జరుగు చర్చ వేరొకటి లేదు. ఈ రెండు మతములకును కొంత బలము గలదు. కాని యీ వాదములో నంతకంటె ముఖ్యమగు ప్రశ్న యొకటి మరుగుపడుచున్నదని తోచి, మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గడచిన వేసవిలో మేము మా తల్లిగారితోను గృహిణితోను కూడి జర్మనీ మీదుగా స్వీడనుదేశమునకు పోయితిమి. మా తమ్ముడు స్టాక్‌హోం నగరమున నుద్యోగి. ఈ రెండు దేశములును ధనవిషయమున నొకదానికొకటి యెదురు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు ఐరోపా కేంద్రబ్యాంకునకు నివాసము. అయినను ఆ దేశమున వీథిమొగనున్న రొట్టెల యంగడిలో నగదు మాత్రమే పుచ్చుకొందుమను పలక నేటికిని కనబడుచుండును. కొన్ని దుకాణములలో కార్డు చెల్లునుగాని, అది జర్మను బ్యాంకులు తమ ఖాతాదారులకిచ్చు గిరోకార్డు కావలయును; మన చేతిలోని కార్డునకచ్చట మర్యాద లేదు. కార్డు నొక్కదానినే నమ్ముకొని పోయినవాడు ఆ దేశమున సంత వీథిలో పండ్లను కన్నులతో చూచి తృప్తిపడవలసినదే.

స్వీడను కథ వేరు. పదునేడవ శతాబ్దిలో ఆ దేశమున వెండి కొరతయు రాగి సమృద్ధియు నుండుటచేత, 1644లో రాగిపలకలనే నాణెములుగా ముద్రించిరి. వానిలో పెద్దది పందొమ్మిది కిలోలకు పైబడిన బరువు గలది. సంతకు పోవువాడు డబ్బును మోయుటకే బండి కట్టవలసియుండెను. ఆ భారమును తప్పించుకొనుటకై 1661లో స్టాక్‌హోమునందలి యొక బ్యాంకు కాగితపు నోట్లను వెలువరించెను. ఐరోపాఖండమున నవియే మొదటి బ్యాంకునోట్లు. మితిమీరి ముద్రించి యా బ్యాంకు కూలిపోగా, 1668లో స్వీడను కేంద్రబ్యాంకు పుట్టినది. లోకమున నేడున్న కేంద్రబ్యాంకులలో నదియే ప్రాచీనము. అట్లు ఐరోపాకు నోటును నేర్పిన దేశమే నేడు నోటును చూచి తల యడ్డముగా నూపుచున్నది. స్టాక్‌హోమున బస్సులో నగదు పుచ్చుకొనరు. పెక్కు కాఫీ యంగళ్లలోను పుచ్చుకొనరు.

ఈ సంగతి మా తల్లిగారికి చేదుగా తెలిసినది. ఒకనాటి సాయంకాలము వారు మనుమరాలిని వెంటబెట్టుకొని యింటి చెంతనున్న యుద్యానమునకు పోయిరి. అచ్చట దాల్చినచెక్క పొడి చల్లిన తీపిరొట్టెలమ్ము చిన్న యంగడి గలదు. పిల్ల యడిగినది. మా తల్లిగారు నూరు క్రోనాల నోటు తీసి యందిచ్చిరి. అంగడిలోని యువతి చిరునవ్వుతోనే గోడమీది పలకను చూపినది. “ఇక్కడ డబ్బు తీసుకోరట, నాయనమ్మా. కార్డే కావాలట” అని యారేండ్ల పిల్ల తెనుగు చేసి చెప్పినది. వారిరువురును రిక్తహస్తములతో తిరిగివచ్చిరి. “ఆ దేశపు డబ్బు ఆ దేశంలోనే చెల్లకపోవడమేమిటిరా? చేతిలో నోటు పెట్టుకొని పసిదాని ముందు బిచ్చగత్తెలా నిలబడ్డాను” అని మా తల్లిగారనిరి.

మా తమ్ముడు నొచ్చుకొని తన కార్డును తీసి యామె చేతిలో బెట్టెను. ఆమె దానిని త్రిప్పి చూచి, “దీనిమీద నీ పేరున్నది కదా. దీనితో కొంటే నువ్వు కొనిపెట్టినట్లవుతుంది గాని, నేను కొన్నట్లెట్లా అవుతుంది?” అని తిరిగి యిచ్చివేసిరి.

మేము మరుగుపడిన ప్రశ్న యన్నది యిదియే. నగదా కార్డా యని మనము వాదించుచుందుము. అవి రెండును పనిముట్లు. ఆ పనిముట్టు ఎవరి చేతిలోనున్నది, దానివెనుకనున్న ధనమెవరిది యని మాత్ర మడుగము.

ముందుగా పనిముట్ల గుణదోషములను చూతము. నగదు పోయిన పోయినదే. దొంగ దానిమీద పేరును చదువడు. కార్డు పోయినచో బ్యాంకునకు వెంటనే తెలిపి దానిని నిలిపివేయవచ్చును. నగదు చచ్చుటయు గలదు. స్వీడనులో పాత నూరు, అయిదువందల క్రోనాల నోట్లు 2017 జూను 30 తరువాత చెల్లుబాటు కోల్పోయెను. 2016 నవంబరు 8వ తేదీ రాత్రిని చూచిన మనకు దీనిని వివరింప బనిలేదు. వెనుకటి యాత్రలో మిగిలిన నోట్లను పెట్టెయడుగున దాచి మరల గొనిపోవువారు, అవి బ్రతికియున్నవో లేవో ముందు విచారించుకొనవలయును. ఇక మన దేశమునుండి సాధారణముగా నొక్కొక్క ప్రయాణమునకు 3,000 డాలర్ల విలువకు మించి విదేశపు నోట్లను కొనిపోరాదను నియమమును గలదు.

కార్డునకు దోషములు లేకపోలేదు. విదేశమున కార్డు గీచినప్పుడు మన బ్యాంకులు పెక్కు మారకపు ధరపైని నూటికి మూడున్నర రూపాయల వంతున రుసుము వేయుచున్నవి. ఆ రుసుముపై పదునెనిమిది వంతుల పన్ను. పదివేల రూపాయల వస్తువు కొన్నచో రుసుము 350, పన్ను 63, వెరసి 413 రూపాయలు మన కంటబడకుండ పోవును. ఈ రుసుము తక్కువగా గల కార్డులును, అసలే లేని కార్డులును గలవు గనుక, ప్రయాణమునకు ముందే విచారించుట లాభము. మరియొకటి: దుకాణములోని యంత్రము “మీ రూపాయలలో చెల్లింతురా, మా క్రోనాలలో చెల్లింతురా?” యని యడుగును. పరదేశమున రూపాయి గుర్తు కనబడగానే బంధువు కనబడినట్లుండును. ఆ బంధువును నమ్మరాదు. రూపాయలని యొప్పుకొన్నచో మారకపు ధరను నిర్ణయించువాడు ఆ యంత్రమువాడు. అది సాధారణముగా మన కార్డు ధరకంటె ప్రియము. ఎల్లప్పుడును ఆ దేశపు నాణెములోనే చెల్లించుట మేలు. క్రెడిట్ కార్డుతో యంత్రమునుండి నగదు తీయుట యంతకంటె చేటు. వస్తువు కొన్నచో బిల్లు గడువువరకు వడ్డీ లేదు. నగదు తీసినచో నా దినమునుండియే వడ్డీ నడచును.

వడ్డీ మాట వచ్చినది గనుక ఇంకొక సంగతి చెప్పవలయును. మన పల్లెలలో నూటికి రెండు రూపాయల వడ్డీ యన్న నొకపాటి న్యాయమనియు, మూడు రూపాయల వడ్డీ యన్న గొంతు కోయుట యనియు వాడుక. నెలకు మూడు రూపాయలకు మించి వడ్డీ తీయు క్రెడిట్ కార్డులు మన జేబులలోనే యున్నవి. సంవత్సరమునకది ముప్పదియారుకు పైమాట. అప్పిచ్చు షావుకారును నాటకములలో దుష్టపాత్రగా చూచి చప్పట్లు కొట్టిన విద్యావంతుడే, నిగనిగలాడు కార్డు మీద యాత్రచేసి వచ్చి, బిల్లులో “కనీస చెల్లింపు” అను నంకెను మాత్రము చెల్లించి నిశ్చింతగా నిద్రించుచున్నాడు. సంస్కృతమున దీనికి కుసీదమని పేరు. పేరు మార్చినంత మాత్రమున గుణము మారదు. కావున క్రెడిట్ కార్డు చెల్లింపునకు పనిముట్టు కావచ్చును గాని, ప్రయాణమునకు పెట్టుబడి కారాదు. బ్యాంకులో లేని సొమ్మును స్టాక్‌హోమున ఖర్చుపెట్టుట, ఊరిలో అప్పుచేసి పెండ్లిభోజనము పెట్టుటకంటె నేమియు గొప్ప గాదు.

ఇక నసలు ప్రశ్నకు వత్తము. మా తల్లిగారికి మా తండ్రిగారి పింఛను నెలనెల వచ్చును. ఆమె పేర బ్యాంకు కార్డును గలదు. అది ఊరిలో బీరువాలో భద్రముగా నున్నది. ఒకవేళ వెంట తెచ్చినను అది విదేశమున పలికెడిది గాదు. ఏలనన, 2020 అక్టోబరు 1 నుండి అమలైన రిజర్వుబ్యాంకు నియమము ననుసరించి, క్రొత్తగా నిచ్చు కార్డులు మన దేశములో మాత్రమే పనిచేయును. విదేశమున పనిచేయవలెనన్న కార్డు గలవారే బ్యాంకునకు తెలిపి యా ద్వారమును తెరచుకొనవలయును. నియమము మంచిదే, దొంగలనుండి కాపాడును. కాని ఆ ద్వారమును తెరచుకొనువారు మన యిండ్లలో నెవరు? పురుషులు. స్త్రీల కార్డులు బీరువాలలోనే యున్నవి. వారి బ్యాంకు ఖాతాలకు వ్రాయించిన ఫోను సంఖ్య సయితము పెక్కిండ్లలో భర్తది.

భర్త కార్డునకు అనుబంధముగా భార్యకొక కార్డు తీయించి, “ఆమెకును ఇచ్చితిమి” అని తృప్తిపడువారు గలరు. ఆ కార్డునకు ఖర్చుపరిమితి వేరు గాదు. బిల్లు వేరు గాదు. ఆమె పరదేశమున నొక దువ్వెన కొన్నచో భర్త జేబులో గంట మ్రోగును. “ఏమి కొన్నావు?” అను ప్రశ్న వెంటనే వచ్చును. చీరకొంగున ముడివేసికొన్న రూపాయకు మన యవ్వలు లెక్క చెప్పవలసిన పని లేకుండెను. ధర్మశాస్త్రకారులు సైతము స్త్రీధనమని యొక దానిని వేరుగా గుర్తించిరి. చదువుకొన్న మన యిండ్లలో నోటు పోయి కార్డు వచ్చుటతో ఆ కొంగుముడి గూడ విడిపోవుట యే నాగరికత?

ఇది మన దేశమున మాత్రమే యున్న దోషము గాదు. అమెరికాలో క్రెడిట్ కార్డులు వ్యాపించిన పిమ్మటను, వివాహిత తన పేర కార్డడిగినచో భర్త సంతకము తెమ్మని బ్యాంకులు కోరుచుండెను. 1974లో చట్టము చేసినతరువాతనే అట్టి భేదము నిషిద్ధమైనది. అచ్చట చట్టము చేసిన పనిని మన యిండ్లలో చేయుటకు శాసనసభ యక్కరలేదు. ఒక మధ్యాహ్నము బ్యాంకునకు పోయివచ్చు తీరిక చాలును.

మా గృహిణి యీ విషయమున మాకంటె వివేకవతి. ఆమె తన జీతపు సొమ్ముతో తన పేర, విదేశయాత్రకై ముందుగా సొమ్ము నింపియుంచు కార్డు నొకదానిని తీసికొని వచ్చినది. దానిలో నింపినవి యూరోలగుటచే స్వీడనులో క్రోనాలకు మారునప్పుడు కొంత నష్టమున్నది. ఆ నష్టమునకామె విచారపడలేదు. జర్మనీలో మేము తోడు లేకయే ఆమె ఒక పుస్తకాల దుకాణమునకు పోయి, తన విద్యార్థినులకై బొమ్మలపుస్తకములు మూడు కొనితెచ్చినది. వెల మేమడుగలేదు, ఆమె చెప్పలేదు.

కాబట్టి మా మనవి యిది. యాత్రకు బయలుదేరు పెద్దవారందరికిని, స్త్రీలైనను వృద్ధులైనను, తమ తమ పేర నొక్కొక్క కార్డుండవలయును. అది విదేశమున పనిచేయునట్లు ముందే చేసి, దినమునకింత యని పరిమితి గూడ నేర్పరచుకొనవలయును. బ్యాంకు సందేశములు వారి ఫోనునకే వచ్చుచుండవలయును. ఆ ఫోను పరదేశమునను పలుకుచుండవలయును. నగదు కొంచెము ప్రతివారి సంచిలోను వేరువేరుగా నుండవలయును: జర్మనీవంటి దేశమునకు కొంత యెక్కువ, స్వీడనువంటి దేశమునకు మిక్కిలి తక్కువ. మిక్కిలి తక్కువ యంటిమిగాని బొత్తిగా లేకుండ ననలేదు. 2018లో స్వీడను ప్రభుత్వము యుద్ధమో విపత్తో వచ్చినచో నేమి చేయవలయునో తెలుపుచు ఇంటింటికి పంపిన చిన్న పుస్తకములో, చిల్లరనోట్లు కొంత యింట నుంచుకొనుడని చెప్పినది. విద్యుత్తు నిలిచిన నాడు కార్డు వట్టి ప్లాస్టిక్కు ముక్క గదా.

మా తల్లిగారు తిరిగివచ్చిన వారములోనే బీరువాలోని కార్డును తీయించి, బ్యాంకునకు తామే పోయి, గుమస్తా చెప్పినదంతయు చిన్న పుస్తకములో వ్రాసికొనిరి. రహస్యసంఖ్య యేమి పెట్టుకొంటిరని మేమడుగగా, “అది నీకెందుకు?” అనిరి. రాబోవు సంక్రాంతికి తమ్ముని పిల్ల వచ్చుచున్నది. ఆమెకు గాజులు తామే కొనిపెట్టెదమని చెప్పుచున్నారు.