సంచి దించాక...

ఉద్యోగం మానేసి, పన్నెండు కిలోల సంచి వీపున వేసుకుని ఐదు నెలలు తిరిగా. వియత్నాం, కంబోడియా, లావోస్, థాయ్‌లాండ్.

అన్నిట్లో మర్చిపోలేనిది లావోస్‌లో మెకాంగ్ నది మీద స్లో బోట్. హువాయ్ సాయ్ నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కి రెండు రోజులు. రాత్రికి పాక్‌బెంగ్‌లో మజిలీ. ఇరువైపులా కొండలు, మధ్యలో మట్టిరంగు నీళ్లు. వీడియో కాల్‌లో అమ్మకి చూపించా.

"మన పాపికొండల్లా ఉంటుందేమో కదరా!" అంది. నవ్వేశా.

బ్యాంకాక్ నుంచి హైదరాబాద్‌లో దిగి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కా. తెల్లవారుజామున కొవ్వూరు దాటి రైలు గోదారి వంతెన ఎక్కింది. పక్క సీటు మామ్మగారు కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరి దణ్ణం పెట్టుకున్నారు. ఎందుకో నా చేతులూ కలిశాయి.

ఇంట్లో గోడ క్యాలెండర్ చూసి ఆగిపోయా. ప్రతి గడిలో నేనున్న ఊరి పేరు, అమ్మకి వినబడినట్టు. లువాంగ్ ప్రబాంగ్ కాస్తా 'లవంగ ప్రభ' అయింది! కొన్ని గళ్లు మాత్రం ఖాళీ.

"ఇవేంటమ్మా?"

"నువ్వు ఫోన్ చెయ్యని రోజులు."

లెక్కపెట్టా. పంతొమ్మిది.

"అవునూ, పాపికొండలు నువ్వెప్పుడు చూశావు?"

"ఎక్కడ కుదిరిందిరా!"

రాజమండ్రిలో ముప్పై ఏళ్ల కాపురం. గోదారి మీద ఒక్కసారీ పడవెక్కలేదట.

ఇంటర్వ్యూలు వచ్చే వారం చూసుకోవచ్చు. ఆదివారం బోటుకి రెండు టికెట్లు తీశా. అమ్మ ఆ గడిలో 'పాపికొండలు' అని రాసుకుంది. ఈసారి ఒక్క అక్షరం తప్పు పోలేదు.