బెల్లం రక్తం ముందు వెళ్ళింది

మాకంటే ముందు జర్మనీ వెళ్ళింది మా బెల్లం రక్తం. చిన్న గొట్టంలో కాస్త సీరం, చుట్టూ ఐసు ప్యాకులు, పైన నాలుగైదు స్టిక్కర్లు. పోయింది గీసెన్ అనే ఊరికి. ఆ ఊరి పేరు అప్పటిదాకా నేను విననే లేదు. అక్కడి విశ్వవిద్యాలయంలోని వైరాలజీ సంస్థకి, కుక్కల రక్తంలో రేబిస్ యాంటీబాడీలు లెక్కగట్టడానికి యూరోపియన్ యూనియన్ గుర్తింపు ఉంది. మా ఆయన ఉద్యోగంలో చేరిన మార్‌బర్గ్ దానికి పక్క ఊరే. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైల్లో వెళ్తుంటే ముందు గీసెన్, తర్వాత మార్‌బర్గ్. "ఇంత దూరం వచ్చిందిగా, ఇంకో పావుగంట ప్రయాణం చేస్తే ఇంటికే వచ్చేసేది" అన్నారాయన ఫోన్లో.

బెల్లం నాటు కుక్క. రంగు చూసి, మా ఇంట్లో పనిచేసే యాదమ్మ పెట్టిన పేరు. హైదరాబాదులో గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి యాదమ్మ వెంటబడి మా గేటు దాకా వచ్చి, ఇక కదల్లేదు. అప్పటికే ఎడమ చెవి కొసన చిన్న కోత ఉంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలిన వీధికుక్కకి గుర్తుగా పెట్టే కోత అది. "అమ్మా, దీన్ని గూడ ఇమానంల తీస్కపోతరా?" అని యాదమ్మ అడిగినప్పుడు, టికెట్టు కొంటే అయిపోతుందనే అందరిలాగా నేనూ అనుకున్నాను. కానీ టికెట్టు ఆఖరి పని.

మొదటి పని చిప్పు. బియ్యపు గింజంత ఉంటుంది. కాస్త లావుపాటి సూదితో భుజాల మధ్య చర్మం కింద పెడతారు. అందులో బ్యాటరీ ఉండదు. స్కానర్ దగ్గరికి తెస్తే ఆ తరంగాలతోనే మేల్కొని 15 అంకెల నంబరు చెప్పి మళ్ళీ ఊరుకుంటుంది. డాక్టరు గారు స్కానర్ ఒకసారి వీపు మీద తిప్పి, అంకెలు పైకి చదివి, నా చేత కూడా చదివించారు. ఏటేటా వేయించిన టీకాల పుస్తకం ఎంతో గర్వంగా ఆయన ముందు పెడితే తెరవకుండానే పక్కకు జరిపారు. "చిప్పు లేనప్పుడు వేసిన టీకా ఈ కుక్కకే వేశారని ఎవరు చెప్పాలమ్మా? వాళ్ళ లెక్కలో దీనికి ఇవాళే మొదటి టీకా."

టీకా వేశాక కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయాలి. అందులో యాంటీబాడీలు మిల్లీలీటరుకి 0.5 అంతర్జాతీయ యూనిట్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. పరీక్ష పద్ధతి వింటే ఒళ్ళు కాస్త జలదరిస్తుంది. కుక్క సీరంలో బతికున్న రేబిస్ వైరస్ కలిపి, అందులో ప్రయోగశాలలో పెంచిన కణాలు వేస్తారు. యాంటీబాడీలు చాలకపోతే వైరస్ కణాల్లోకి దూరిపోతుంది, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఆకుపచ్చగా మెరుస్తుంది. చాలినన్ని ఉంటే మెరుపు ఉండదు. ఈ పరీక్షలు చేసే ప్రయోగశాలల మీద ఫ్రాన్స్‌లోని నాన్సీ నగరంలో ఉన్న సంస్థ అజమాయిషీ చేస్తుంది.

బెల్లం పాసైంది. సూట్‌కేసులు దించుదామా అంటే, ఇంకా లేదు. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు నిండాలి. అక్కడే నాకు తలప్రాణం తోకకొచ్చింది. పరీక్ష పాసయ్యాక కూడా ఎందుకీ శిక్ష అని డాక్టరు గారితో కాస్త గట్టిగానే అన్నాను. ఆయన విసుక్కోలేదు. టీకా పనిచేస్తోందని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది. టీకాకి ముందే ఏ పిచ్చికుక్కో కరిచి ఉంటే, వైరస్ నరాల వెంట మెదడు వైపు నెమ్మదిగా పాకుతుంటే, ఆ సంగతి చెప్పదు. చాలా కుక్కల్లో ఆ సంగతి బయటపడేది వారాల్లో, నెలల్లో. అందుకే ఆగడం కూడా పరీక్షలో భాగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ఏటా రేబిస్‌తో పోయే ప్రాణాల్లో మూడోవంతుకు పైగా మన దేశంలోనివే. లక్షణాలు కనిపించాక బతికి బయటపడటమన్నది దాదాపు లేదు. ఇలాంటి దేశం నుంచి వచ్చే కుక్కని అనుమానంగా చూడకపోతే అది వాళ్ళ తెలివితక్కువ.

ఆ మూడు నెలల్లో క్లినిక్ బెంచీ మీద చాలా కథలు విన్నాను. డాలస్‌లో కూతురి దగ్గరికి లాబ్రడార్‌ని పంపాలని తిరుగుతున్న దంపతులు ఒకరు. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి నిబంధనలు బిగించింది. రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల్లో టీకా వేయించుకున్న కుక్కకి ఆరు నెలలు నిండాలి, చిప్పు ఉండాలి, వాళ్ళ ఫారాలు నింపాలి. పైగా అక్కడి ప్రభుత్వం దగ్గర నమోదైన జంతు సంరక్షణ కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. న్యూయార్క్, వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, అట్లాంటా, మయామి, లాస్ ఏంజెలెస్ పేర్లు చెప్పుకుంటూ వచ్చారా పెద్దాయన. డాలస్ లేదు. దిగాక ఆ కేంద్రంలో వైద్య పరీక్ష, మళ్ళీ టీకా. రక్త పరీక్ష కాగితం లేకపోతే 28 రోజులు అక్కడే. "మా వీసాలకి ఇంత తిరగలేదమ్మా" అన్నారావిడ.

పగ్ కుక్కతో వచ్చిన ఒక అబ్బాయి పరిస్థితి మరీ జాలి. 2003 ప్రాంతంలో హచ్ ఫోన్ల ప్రకటన చూసి ఇంటింటా పగ్‌లు తెచ్చుకున్న రోజులు గుర్తున్నాయిగా. చప్పిడి ముక్కు కుక్కలు వేడికి, కంగారుకి ఊపిరాడక దారిలో పోతాయన్న భయంతో చాలా విమాన సంస్థలు వాటిని సామాను గదిలోకి తీసుకోవు. ఆ లెక్కన మన నాటు కుక్క పొడుగు ముక్కు భాగ్యమే అనుకోవాలి. జర్మనీలో ఇంకో జాబితా కూడా ఉంది. పిట్‌బుల్, బుల్ టెరియర్ వంటి నాలుగు జాతుల్ని దేశంలోకి తేవడాన్ని 2001లోనే చట్టం చేసి ఆపేశారు. కాగితంలో జాతి అనే గడి దగ్గర డాక్టరు గారు కలం ఆపి బెల్లం వంక చూసి, 'మిశ్రమం' అని రాశారు.

ఇవన్నీ తామే చూసుకుంటామని ఒక ఏజెంటు నాలుగు లక్షలు అడిగాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే బేరం. ఫారాలన్నీ అందరికీ అందుబాటులో ఉన్నవే, కావాల్సిందల్లా ఓపిక. మాకు నిజంగా ఖర్చయింది పెట్టె దగ్గర.

విమానాల్లో జంతువుల పెట్టెకి విమాన సంస్థల సంఘం ఐయాటా పెట్టిన కొలతలు ఉన్నాయి. ముక్కు నుంచి తోక మొదలు దాకా ఒక కొలత, నేల నుంచి మోచేతి దాకా ఇంకోటి. మొదటిదానికి రెండోదాంట్లో సగం కలిపితే పెట్టె పొడవు. భుజాల వెడల్పుకి రెట్టింపు పెట్టె వెడల్పు. నిలబడితే నెత్తి, చెవులు పైకప్పుకి తగలకూడదు. యాదమ్మ బిస్కెట్టు చూపిస్తూ నిలబెట్టింది, నేను దర్జీ టేపు పట్టాను. బెల్లం టేపుని నమలబోయింది. మొత్తానికి వచ్చిన పెట్టె మా కారులో పట్టలేదు. ప్లాస్టిక్ క్లిప్పులు తీసేసి ఇనుప బోల్టులు బిగించాం. మత్తుమందు ఇవ్వకూడదు. పైన రక్తపోటు పడిపోవచ్చు, తూలి పడొచ్చు, చూసేవాళ్ళుండరు. అందుకని ఆ పెట్టెనే ఇల్లు చేయాలి. తలుపు ఊడదీసి హాల్లో పెట్టి, అన్నం అందులోనే పెట్టాం. మొదట్లో వెనక కాళ్ళు బయట ఉంచి తినేది. కొన్నాళ్ళకి మధ్యాహ్నం నిద్ర కూడా అందులోనే. ఆ తర్వాత తలుపు తగిలించాం. మొత్తం సన్నాహంలో కుక్క కోసం నిజంగా చేసిన పని ఇదొక్కటే, మిగతావన్నీ దేశాల కోసం చేసినవి.

శంషాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కార్యాలయం ఉంది. యూరప్ వాళ్ళ ఆరోగ్య ధ్రువపత్రం మీద సంతకం పెట్టాల్సింది అక్కడి అధికారి. సంతకమైన పది రోజుల్లోగా యూరప్‌లో దిగాలి కాబట్టి ముందే వెళ్ళి చేయించుకునే వీలు లేదు. ఫారం ఇంగ్లీషులోనూ జర్మన్‌లోనూ ఉంటుంది. అధికారి చిప్పు నంబరు స్కానర్‌లో చూసి, రక్త పరీక్ష కాగితంలో చూసి, టీకా పుస్తకంలో చూసి, మూడూ ఒకటేనని తేల్చుకున్నాకే కలం తీశారు. నీలం కలం. అచ్చు నల్లగా ఉంటే సంతకం, ముద్ర వేరే రంగులో ఉండాలి. లేకపోతే జిరాక్సు అనుకుంటారట. బెల్లం ఆ బల్ల కాలి వాసన చూస్తూ నిలబడింది తప్ప ఒక్కసారీ మొరగలేదు.

బయల్దేరిన రాత్రి పెట్టెని ట్రాలీ ఆటోలో ఎక్కించి, వెనకే కారులో బెల్లమూ నేనూ. అత్తాపూర్ దాటేదాకా అది కిటికీలోంచి తల బయటపెట్టే ఉంది. విమానాశ్రయంలో కుక్కని బయటికి తీయించి, ఖాళీ పెట్టెని ఎక్స్‌రేలో పంపారు. చుట్టూ ట్రాలీల వాళ్ళు, మనవళ్ళని ఎత్తుకున్న తాతలు, సెల్ఫీలు. సీఐఎస్ఎఫ్ జవాను ఒకాయన వంగి చెవి నిమిరి, "నాటుదేనా?" అన్నాడు. అవునన్నాను. "ఇదే మంచిది" అని తూకం దగ్గరికి దారి చూపించాడు. లోపల నా పాత కాటన్ చీర పరిచాను. తలుపు మూలలకి ప్లాస్టిక్ తాళ్ళు బిగించి, పైన 'ప్రాణమున్న జంతువు' అని స్టిక్కరు అంటించి, తోసుకుంటూ తీసుకుపోయారు. బెల్లం వెనక్కి తిరిగి చూడటానికి పెట్టెలో చోటుంది. కొలతలు సరిగ్గానే ఉన్నాయి.

సీట్లో కూర్చోగానే ఎయిర్‌హోస్టెస్‌ని అడిగాను, కింద కుక్క ఎక్కిందా అని. కాక్‌పిట్‌కి వెళ్ళి వచ్చి, ఎక్కిందనీ, కెప్టెన్‌కి కాగితం అందిందనీ చెప్పింది. జంతువులుంటే ఆ గదిలో వెచ్చదనం చూసుకోవాల్సింది కెప్టెనే. గాలి ఒత్తిడి మాకెంతో దానికీ అంతే.

నిద్ర పట్టలేదు. ఆ మూడు నెలల్లో చదివినవన్నీ గుర్తొచ్చాయి. బ్రిటన్ 1902 నాటికి రేబిస్‌ని తరిమేసింది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు దొంగచాటుగా కుక్కల్ని తెచ్చుకుంటే 1918లో జబ్బు మళ్ళీ వచ్చింది, వదిలించుకోవడానికి 1922 దాకా పట్టింది. పరాయి కుక్కలకి పెట్టిన ఆరు నెలల క్వారంటైన్‌ని 2000 నుంచే సడలించడం మొదలుపెట్టారు. జర్మనీ కథ ఇంకా వింత. అక్కడ రేబిస్ ఉన్నది నక్కల్లో. నక్కని పట్టుకుని సూది వేసేదెవరు? 1978లో స్విట్జర్లాండ్ వాళ్ళు కోడి తలకాయల్లో టీకా మందు పెట్టి రోన్ లోయలో చల్లారు. నక్కలు తిన్నాయి, జబ్బు ఆ లోయ దాటి ముందుకు పోలేదు. 1983 నుంచి జర్మనీ కూడా అందుకుంది. తర్వాత్తర్వాత యంత్రాలతో ఎరలు చేసి విమానాల్లోంచి అడవుల మీద కుమ్మరించారు, ఏళ్ళ తరబడి. నక్కలో చివరి కేసు 2006లో. 2008లో, గబ్బిలాల సంగతి పక్కన పెడితే, దేశం రేబిస్ లేనిదని ప్రకటించుకున్నారు. నక్కలకి పాతికేళ్ళు భోజనం పెట్టి కడుక్కున్న అడవి అది. మా బెల్లాన్ని మూడు నెలలు ఆపినందుకు వాళ్ళ మీద నాకు మిగిలిన కోపం ఇక్కడ పూర్తిగా పోయింది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో జంతువుల కోసం ప్రత్యేకంగా ఒక లాంజే ఉంది. సరుకుగా వచ్చేవి, విమానం మారేవి, గుర్రాలతో సహా అందులోంచే పోతాయి. బెల్లం నా సామానుగా వచ్చింది కాబట్టి పెద్ద సామాను దింపే చోటికే వచ్చింది. పెట్టె కనబడకముందే వాసన పట్టినట్టుంది, లోపల తోక గోడలకి కొట్టుకుంటున్న చప్పుడు. తాగే గిన్నెలో నీళ్ళు సగం ఒలికాయి, చీర తడిసింది. అంతే.

ఎర్ర దారిలో కస్టమ్స్ అధికారికి ఫైలు ఇచ్చాను. పేజీలు తిప్పి, నీలం సంతకం దగ్గర ఆగి, గీసెన్ కాగితం చూసి, "ఇక్కడ పక్కనే" అన్నాడు ఇంగ్లీషులో. స్కానర్ పెట్టాడు, బీప్ అంది, అంకెలు కలిశాయి. ఆర్నెల్లకి పైగా పోగుచేసిన కాగితాలు చూడటానికి ఆయనకి పట్టింది అయిదు నిమిషాలు.

మా ఆయన బయట నిలబడి ఉన్నారు, చేతిలో మూతికి తగిలించే బుట్ట. దూరం పోయే రైళ్ళలో కుక్కకి అది కావాలి, సగం టికెట్టు కూడా కొనాలి. మేం ఎక్కింది ప్రాంతీయ రైలు, ఆ చుట్టుపక్కల వాటిలో కుక్కలకి టికెట్టే లేదు. విమానంలో బెల్లానికి కట్టిన డబ్బు తలుచుకుని నేను నవ్వుతుంటే ఆయనకి అర్థం కాలేదు. గీసెన్ వచ్చినప్పుడు "దిగి కనబడి వద్దామా?" అన్నారు. బెల్లం సీటు కింద నిద్రపోతోంది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ చెవి కోత చూసి కొట్లాటలో తెగిందా అని సైగ చేసింది. వీధికుక్క ఆపరేషన్ సంగతి మా ఆయన వచ్చీరాని జర్మన్‌లో చెప్పబోతే, పక్క సీటతను కూడా వినడానికి ఇటు తిరిగాడు.

మార్‌బర్గ్‌లో డాక్టరు నీలం అట్ట పాస్‌పోర్టు ఇచ్చింది, కుక్కదే. టీకా గడువు దాటకుండా వేయిస్తూ ఉంటే గీసెన్ పరీక్ష మళ్ళీ అక్కర్లేదనీ, హైదరాబాదు వెళ్ళొచ్చినా ఆ మూడు నెలలు ఆగక్కర్లేదనీ రెండుసార్లు చెప్పింది. తర్వాత నగర కార్యాలయంలో కుక్క పన్ను. ఇంట్లో ఇది మొదటి కుక్కా, రెండోదా అని అడిగారు. మొదటిదే అన్నాం. నా నివాస కార్డు పోస్టులో రావడానికి ఇంకా వారాలు పట్టింది గానీ, బెల్లం మెడలో పన్ను కట్టిన బిళ్ళ మాత్రం అప్పటికే వేలాడుతోంది.