పెద్దక్కయ్య షేర్లు

షేరంటే మా పెద్దక్కయ్యకి నిన్నమొన్నటిదాకా షేర్ ఆటో ఒక్కటే తెలుసు. బావగారు శాన్‌హోజేలో ఉద్యోగం చేసిన రోజుల్లో వంద జైలింక్స్ షేర్లు కొన్నారు. 2020లో ఆయన పోయారు. ఆ కాగితాలు ఈమధ్యే బీరువాలోంచి తీసింది. అప్పట్నించీ నన్ను పట్టుకుని ఒకటే ప్రశ్నలు. నవలలు రాసేదానికి అన్నీ తెలుస్తాయని ఆవిడ నమ్మకం! నేను చదివింది బి.ఏ. అయితేనేం, పొడుగాటి ఇంగ్లీషు కాగితాలు ఓపిగ్గా చదవడం వచ్చు.

"అసలు ఆ కంపెనీ ఏం చేస్తుందే?"

చిప్పులు. మామూలు చిప్పు చేయాల్సిన పని ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతుంది. దీనిది కొన్నవాళ్ల ఇష్టం. మన ముగ్గే అనుకోండి. చుక్కలు పెట్టి ఇస్తారు, గీతలు మనం కలుపుకోవాలి. కరెంటు పోతే చెరిగిపోతుంది, రాగానే మళ్లీ వేసుకోవాలి. అలాంటి చిప్పుని 1985లో బజారుకి తెచ్చింది వీళ్లు. ఆ ఊహ రాస్ ఫ్రీమన్ అనే ఆయనది. పాపం, 1989లోనే పోయాడు. కంపెనీ షేర్లు జనానికి అమ్మకానికొచ్చింది ఆ మరుసటేడు.

"ఫ్యాక్టరీ ఎక్కడుందిట?"

లేదు! చిప్పు ఎలా ఉండాలో గీసివ్వడం వరకే వీళ్ల పని, తయారుచేసేది వేరేవాళ్లు.

"పొయ్యి లేని హోటలన్నమాట," అంది అక్కయ్య. అంతకంటే బాగా నేను చెప్పలేను.

"మరి ఇప్పుడు జైలింక్స్ పేరే కనబడదేం?"

2022 ఫిబ్రవరిలో ఏఎండీ కలిపేసుకుంది. ఒక్కో షేరుకీ 1.7234 ఏఎండీ షేర్లు. వందకి 172 వచ్చి, 0.34 మిగిలింది.

"ఆ ముక్క ఎవరు తిన్నారే?"

ఎవరూ తినలేదు, దానికి డబ్బు లెక్కకట్టి ఇచ్చారు. కూరగాయలవాడి తక్కెడ ముల్లు చూస్తూ సంసారం చేసిన మనిషి కదా, ఆ 172 సంగతి వదిలేసి ముక్క గురించే మూడుసార్లు అడిగింది!

మూడునెలలకోసారి వచ్చే డివిడెండు మాటెత్తినప్పుడే నాకు ఇబ్బందయింది. జైలింక్స్ 2004 నుంచీ ఇచ్చింది. ఏఎండీ ఇవ్వదు. అక్కయ్య కాసేపు మాట్లాడలేదు. ఏమంత డబ్బని! కానీ అది పడిన సాయంత్రం బావగారు పూతరేకులు తెచ్చేవారట.

"అమ్మేయమంటావా?" అంది చివరికి.

అమ్మాలన్నా ఉంచుకోవాలన్నా ముందు అవి నీ పేరుకి మారాలక్కయ్యా అన్నాను. కంపెనీ పేరు మారిపోయినా ఆ ఖాతా మీద బావగారి పేరు అలాగే ఉంది. దాన్ని మార్చడానికి ఏయే కాగితాలు కావాలో మాత్రం అక్కయ్య ఇంతవరకూ అడగలేదు. నేనూ తొందరపెట్టడం లేదు.